అభ్యంతరాలకు జవాబు చెప్పండి: నియంత్రణ సంస్థ అధ్యక్షులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు,

నమస్కారం. కొత్త నిబంధనల ముసాయిదాపై మీరు అభిప్రాయాలు అడిగితే, న్యాయశాస్త్రం బోధించే మేము కొందరం రాసి పంపాం. తర్వాత మూడు ఉత్తరాలు రాశాం. జవాబు రాలేదు. అందుకే ఈ మాట నలుగురి ముందు పెడుతున్నాను.

మా వాదనే గెలవాలని కాదు. నిజానికి మాలో మాకే ఏకాభిప్రాయం లేదు. ఏ పరిశ్రమను అదుపు చేయాలో చివరికి ఆ పరిశ్రమకే నియంత్రణ మేలు చేస్తుందని అమెరికా ఆర్థికవేత్త జార్జ్ స్టిగ్లర్ 1971లో వాదించారు. అది అతిశయోక్తి అనేవాళ్లూ ఉన్నారు. ఏది నిజమో తేలాలంటే ఎవరు ఏం అడిగారో, మీరు దేన్ని ఎందుకు ఒప్పుకున్నారో కాగితం మీద కనిపించాలి. అమెరికాలో 1946 నాటి పరిపాలనా విధాన చట్టం, నిబంధనతో పాటు దాని ఆధారాన్ని, ఉద్దేశాన్ని క్లుప్తంగా చెప్పమంటుంది. అదేమంత పెద్ద కోరిక?

పెద్ద కంపెనీలకు లాయర్లుంటారు. ఒంటరిగా చిన్న వ్యాపారం నడిపేవారికి మాత్రం అర్థంకాని నిబంధన అంటే జరిమానా, లైసెన్సు పోతుందేమోనన్న టెన్షన్.

అందిన అభిప్రాయాలన్నిటినీ, ప్రధాన అభ్యంతరాలకు మీ కారణాలతో సహా, ప్రచురించండి. అంతవరకు అమలును వాయిదా వేయండి.

భవదీయుడు,
ఒక న్యాయశాస్త్ర అధ్యాపకుడు