మీ చిన్నదాని గురించి

పర్లాకిమిడి,
ఆదివారం రాత్రి

ఏమే సుజాతా,

నీ ఫోను పెట్టేశాక నిద్ర పట్టలేదు, అందుకే రాస్తున్నాను. మీ చిన్నదాని సమర్తకి రాయగడ వచ్చినప్పుడు చూశానుగా, తాటాకు చాప మీద ముడుచుకుని కూర్చుని, సగం కొరికిన చిమ్మిలి ఉండ చేత్తో పట్టుకుని టీవీ చూస్తోంది. పదేళ్లు నిండి రెండు నెలలు. ఆ పక్కనే ఎవరో "ఇంత తొందరగా అయితే రొమ్ము క్యాన్సర్ వస్తుందట" అనేశారు. అప్పట్నుంచి నీకు టెన్షనే.

ఆ మాటలో నిజం కొంచెమే. 2012లో 117 అధ్యయనాల లెక్కలు కలిపి చూస్తే, ఒక్కో ఏడాది ముందు రజస్వల అయితే ప్రమాదం సుమారు 5 శాతం పెరుగుతుందని తేలింది. వందలో అయిదుగురికి వస్తుందని కాదే, ఉన్న ప్రమాదమే ఇరవయ్యో వంతు పెరుగుతుందని. హార్మోన్లు రొమ్ము మీద ఎక్కువ ఏళ్లు పనిచేయడం ఒక కారణం. ఎదిగే వయసులో అక్కడి కణాలు లేతగా ఉండడం ఇంకొకటి. 1945లో హిరోషిమా, నాగసాకిల్లో బాంబు రేడియేషన్ తగిలిన ఆడవాళ్లలో, అప్పటికి ఇరవై నిండని పిల్లలకే తరవాత ముప్పు అందరికన్నా ఎక్కువైంది. పుట్టినప్పుడు బరువున్నా, బాగా పొడుగు ఎదిగినా కూడా కాస్త ఎక్కువేనట. అలాగని నిండుగా పుట్టిన బిడ్డని ఎవరు కాదంటారు చెప్పు?

ఎనిమిదేళ్లలోపే రొమ్ములు రావడం మొదలైతే డాక్టరుకి చూపించాలి. మీ పిల్లది ఆ సంగతి కాదు.

మా అక్క పదిహేనో ఏట పెద్దమనిషైంది. ఇద్దరికి పాలిచ్చింది. అయినా క్యాన్సర్ వచ్చింది. గడ్డ తగిలినా, నొప్పి లేదుగా అని ఎనిమిది నెలలు నోరు విప్పలేదు. పాతపట్నం పెళ్లికి బయల్దేరుతూ జాకెట్టు మార్చుకుంటుంటే నా కంటబడింది, చర్మం బత్తాయి తొక్కలా గుంటలు గుంటలుగా. ఆ రోజు పెళ్లికి వెళ్లలేదు, బరంపురం బస్సెక్కాం. ఆ ఎనిమిది నెలలు తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

అందుకే నీ పిల్లకి క్యాన్సర్ మాట చెప్పకు. ఒంట్లో ఏం మార్పొచ్చినా అమ్మతో చెప్పొచ్చన్న ధైర్యం ఇవ్వు చాలు. పెద్దదయిందని ఆటలు మానిపించకు, ఎదిగే వయసులో ఒళ్లు కదిలితే మేలే. దసరా సెలవులకి ఇక్కడికి పంపు. మహేంద్రతనయ ఏటి ఒడ్డున మా వాడి సైకిల్ మీద తొక్కడం నేర్పిస్తాను. చిమ్మిలి మిగిలితే దాని చేత పంపించు, అక్కకి ఇష్టం.

నీ
లక్ష్మి