చీమలు పట్టించిన తలుపు

బెజవాడ,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ గోపీగా,

ముందు తిట్టాల్సినవన్నీ తిట్టేయ్, తర్వాత చదువు. నీ ఉత్తరం ఉగాదికి ముందే వచ్చింది. జవాబు రాయలేదని రోజూ అనుకోవడం, కొట్టు మూసేసరికి ఒళ్లు హూనమై పడుకోవడం. వాట్సాప్‌లో బొమ్మలు పంపుతూనే ఉన్నాను గానీ అవి లెక్కలోకి రావని నాకూ తెలుసు.

అమ్మకి కంటి ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు టీవీ కింద పరిగెత్తే వార్తలు కూడా పైకి చదివి ఇంటిల్లిపాదికీ వినిపిస్తోంది. చిన్నాడు టెన్త్ గట్టెక్కాడు. కొట్టు అద్దె మళ్లీ పెంచారు. నువ్వు పంపిన చాక్లెట్లు దారిలో కరిగి ఒకటే ముద్దయ్యాయి, కత్తితో కోసుకు తిన్నాం. క్షేమసమాచారాలు సమాప్తం. అసలు సంగతికి రానీరా, చెప్పకపోతే కడుపు ఉబ్బి చచ్చేట్టున్నాను.

పటమట వైపు ఒక ఆడపిల్లల హాస్టల్ ఉంది. పేరొద్దులే. నాలుగంతస్తులు, కోచింగ్ పిల్లలూ ఉద్యోగాల పిల్లలూ కలిసి ఉంటారు. నడిపేది ఒక పెద్దావిడ, మనసులో హాస్టలమ్మ అని పేరు పెట్టుకున్నాను. మనిషి మంచిదే, నోరు మాత్రం మన హాస్టల్ వార్డెన్ నారదుడికి అక్కలాంటిది. ఒకరోజు ఫోన్ చేసి, "బాబూ, మా వెనక తలుపు దానంతటదే తెరుచుకుంటోంది. రాత్రి హాజరులో లేని పిల్ల పొద్దున ఇడ్లీల దగ్గర వరసలో నిలబడి ఉంటోంది" అంది.

"వెళ్లిపోతే భయపడాలి గానీ తిరిగొస్తే మంచిదే కదమ్మా" అన్నాను. చీవాట్లు పడ్డాయి. బయటికెళ్లేవాళ్లు సాయంత్రమే ముందు గుమ్మంలోంచి దర్జాగా వెళ్తారట, చిక్కల్లా తొమ్మిదిన్నర దాటాక లోపలికి రావడంలోనేనట. నువ్వూ నేనూ మన హాస్టల్లోకి దొంగచాటుగా దూరబోయి మూడో కొమ్మ పట్టుకుని వేలాడిన రాత్రి గుర్తొచ్చి నవ్వాపుకోలేకపోయాను. నీ లుంగీ సంగతి ఎవరికీ చెప్పలేదులే.

ఆవిడ చేసిన వైద్యం ఏంటంటే, రాత్రిళ్లు ఆ తలుపు రెక్కల హ్యాండిళ్లకి గొలుసు చుట్టి తాళంకప్ప వేయడం. దాంతో దెయ్యం ఆగిపోయింది. ఇప్పుడు ఫైర్ వాళ్లు ఎన్‌వోసీ కోసం, అదే అభ్యంతరం లేదని ఇచ్చే కాగితం కోసం, చూడ్డానికొస్తారు, గొలుసు చూస్తే ఒప్పుకోరు, కాబట్టి కంటికి కనపడకుండా అంత గట్టిగానే పట్టే తాళం ఏదైనా పెట్టమని నన్ను పిలిచింది. అర్థమైందా? గొలుసు పని గొలుసు చెయ్యాలి, గొలుసు కనపడకూడదు!

సరే, మా కుర్రాణ్ణి వెంటేసుకుని వెళ్లాను. వెనక మెట్ల కింద రెండు రెక్కల తలుపు. చట్రం పైన మ్యాగ్నెట్ లాక్, అంటే కరెంటుతో పట్టే అయస్కాంతం తాళం, 270 కిలోల బలం దాకా పట్టి ఉంచే రకం. దాని పక్కన లోపలివైపు ఎగ్జిట్ సెన్సర్. లోపలి మనిషి తలుపు దగ్గరికి రాగానే ఒంటి వేడి కదలడం చూసి అయస్కాంతానికి కరెంటు ఆపేస్తుంది, తలుపు వదిలేస్తుంది. గోడ మీద ఆకుపచ్చ డబ్బా, ఆపదలో అద్దం నొక్కితే తలుపు విడిపోవాలి. పైపైన చూస్తే అన్నీ శాస్త్రోక్తంగా ఉన్నాయి. బిగించిన కాంట్రాక్టరు ఎవరో ఫోనే ఎత్తడం లేదట.

లాక్ పరీక్షించాను, బ్రహ్మాండంగా పట్టుకుంటోంది. బయటినుంచి మా కుర్రాడు వేలాడినా కదల్లేదు. తల గోక్కుంటూ కింద కూర్చున్నాను. అప్పుడు కనపడ్డాయిరా చీమలు. రెండు రెక్కలూ కలిసే చోట, సరిగ్గా ఆ సందు కింద గచ్చు మీద బారులు తీరి ఉన్నాయి. వేలితో ముట్టుకుంటే బంకగా ఉంది. తలెత్తి చూస్తే తలుపు అంచు వెంబడి పైనుంచి కిందకి గోధుమరంగు చారలు. హాస్టలమ్మ అది తుప్పు అనుకుంటోంది. చెక్క తలుపుకి తుప్పేంటి! తుప్పుకి చీమలేంటి!

టీ రా. చక్కెర వేసిన టీ.

ఆవిడ పప్పు తాలింపుకని లోపలికెళ్లగానే, మెట్ల మీద పుస్తకం పట్టుకుని చదువుతున్నట్టు నటిస్తున్న పిల్లని అడిగాను. "ఆంటీకి చెప్పనంటేనే అంకుల్" అంది. (అంకుల్ అంది, అవును. నువ్వు నవ్వు. నీకు జుట్టుంటే నవ్వు.) మాటిచ్చాక చేసి చూపించింది. సందు చివర టీ బండి దగ్గర ఒక టీ ఎక్కువ కొంటారు. చేతిరుమాలు అందులో ముంచి, తిన్నగా చేసిన బట్టల హ్యాంగర్ తీగకి చుట్టి, రెక్కల మధ్య సందులోంచి లోపలికి దూర్చి, పైకెత్తి సెన్సర్ ముందు అటూ ఇటూ ఊపుతారు. సెన్సర్‌కి కావాల్సింది కదిలే వేడి. అది మనిషిదా రుమాలుదా అని అడగదు. టక్ మని శబ్దం, తలుపు తెరుచుకుంది. నేను నేల మీద చతికిలబడి చప్పట్లు కొట్టానురా! ఇన్నేళ్లుగా తాళాలు అమ్ముతున్నాను, ఇంత చవగ్గా ఇంత ఖరీదైన తాళాన్ని ఓడించడం చూడలేదు. ఆ పిల్ల ఫిజిక్స్ కోచింగ్ తీసుకుంటోందట. సీటు గ్యారంటీ.

నవ్వు అక్కడితో ఆగింది. మా కుర్రాడు వైర్లు వెతుక్కుంటూ పోయి వచ్చి, "అన్నా, ఒకసారి రా" అన్నాడు. ఆకుపచ్చ డబ్బా విప్పితే వెనక వైరే లేదు. ఉత్త డబ్బా. రెండు మేకులు కొట్టి గోడకి తగిలించారు. మ్యాగ్నెట్ లాక్ ఇన్వర్టర్ మీద ఉంది, అంటే కరెంటు పోయినా తలుపు వదలదు. అసలు ఈ రకం తాళంలో ఉన్న ఒక్క మంచి గుణమే అది, కరెంటు పోతే తెరుచుకోవడం. దాన్నీ లేకుండా చేశారు. ఫైర్ అలారంతో కలిపారా అంటే, కలపడానికి అలారమే లేదు. పొగ కమ్మితే సెన్సర్‌ని నమ్ముకోలేం. పైన మళ్లీ గొలుసు. బయటున్నవాళ్లకి అయిదు రూపాయల టీతో తెరుచుకునే తలుపు, లోపలున్నవాళ్లకి ప్రాణం మీదికొచ్చినా తెరుచుకోదు. పైన పిల్లలు పడుకునుంటారు.

పాలెం గుర్తొచ్చిందిరా. 2013 అక్టోబరు 30, మంటల్లో ఆ బస్సు, లోపల 45 మంది... సరే వద్దులే. ఆ పేరెత్తితే నీకు నిద్ర పట్టదు.

హాస్టలమ్మ పెసరట్టు పెట్టింది. తింటూ నీ ఊరి కథ చెప్పాను. నీ ఊరంటే పక్క ఊరు, సండర్లాండ్. న్యూకాజిల్‌లో ఇన్నేళ్లుగా ఉంటున్నావు, నువ్వెప్పుడైనా అక్కడి మౌబ్రే పార్కుకి వెళ్లావా? చచ్చిపోయిన బిడ్డని ఒళ్లో పెట్టుకున్న తల్లి విగ్రహం ఉంటుంది. 1883 జూన్ 16న విక్టోరియా హాలులో పిల్లల ప్రదర్శన జరిగింది. చివర్లో కింద వేదిక దగ్గర బహుమతులు పంచుతున్నారని తెలిసి పై గ్యాలరీలో ఉన్న పిల్లలంతా మెట్ల మీదుగా కిందికి పరుగెత్తారు. మెట్ల కింద తలుపు లోపలికే తెరుచుకుంటుంది, దాన్ని ఒక పిల్లవాడు పట్టేంత సందు ఉండేట్టు గడియ వేసి పెట్టారు. ఎందుకో తెలుసా? టికెట్లు చూడ్డానికి ఒక్కొక్కరే రావాలని! నిప్పు లేదు, పొగ లేదు. 183 మంది పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఊపిరాడక పోయారు. ఆ తర్వాతే రాబర్ట్ బ్రిగ్స్ అనే ఆయన, ఒంటితో తోస్తే చాలు విడిపోయే గడియ కనిపెట్టాడు, 1892లో పేటెంటొచ్చింది. ఈసారి మెట్రో ఎక్కి వెళ్లి ఆ విగ్రహం ఫోటో పంపు. కొట్లో పెడతాను.

ఆవిడ అంతా విని, "అయ్యో పాపం" అని ఇంకో పెసరట్టు వేసి, "అది దొరల కాలం బాబూ, మాకు దొంగల భయం" అంది. దొంగల భయమంటే 1911 సంగతి చెప్పాను. న్యూయార్క్‌లో ట్రయాంగిల్ బట్టల ఫ్యాక్టరీ, కుట్టుపని పిల్లలు బట్ట ఎత్తుకుపోతారేమోనని సంచులు వెతకడానికి ఒక వైపు మెట్ల తలుపుకి తాళం వేసి ఉంచారు. మార్చి 25న మంటలు, 146 మంది. ఎక్కువమంది ఈ హాస్టల్ పిల్లల ఈడువాళ్లే. "మరి వాళ్ల యజమానికి ఏమైంది?" అని అడిగింది. అది అడుగుతుందని నాకు తెలుసు. నిర్దోషులని వదిలేశారు అని నిజమే చెప్పాను. నాకు ఒక పాయింటు పోయింది.

కథలతో లాభం లేదని తేలాక వేరే పని చేశాను. "అమ్మా, గొలుసు తాళంచెవి మీ దగ్గరుందా?" అన్నాను. నడుముకి దోపుకున్న గుత్తి తీసింది. ఒకే కంపెనీ కప్పల చెవులు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. మా కుర్రాణ్ణి మెట్ల దగ్గర లైటు తీసేయమన్నాను. "ఇప్పుడు తియ్యండి" అన్నాను. ఒక చెవి పెట్టింది, తిరగలేదు. ఇంకోటి. చేతికి నెయ్యి ఉంది కదా, గుత్తి జారి కింద పడింది. చీకట్లో వంగి తడుముకుంటోంది. నేను ఏమీ అనలేదు. మూడోదో నాలుగోదో దూరింది గానీ తలకిందులు. చేతులు వణకడం గొలుసు చప్పుడులో తెలుస్తోంది. "లైటెయ్యరా" అని అరిచింది చివరికి. కాసేపు గుత్తి వంక చూసి, చెంగుతో చెయ్యి తుడుచుకుని, "ఎంతవుద్ది?" అంది.

అదిరా నాకు నచ్చింది. ఏడవలేదు, సంజాయిషీ చెప్పలేదు. ఎంతవుద్ది!

పెట్టింది ఏంటో చెప్తాను, నీకు ఇంజనీరింగ్ తెలివి ఇంకా మిగిలుంటే మెచ్చుకో. మ్యాగ్నెట్ లాక్ పీకేశాం. లోపలివైపు నడుమెత్తులో అడ్డంగా పానిక్ బార్. తుంటితో తోసినా, వెనక నుంచి జనం తోసినా గడియలు విడిపోయి తలుపు బయటికి తెరుచుకుంటుంది. కరెంటుతో పని లేదు, సెన్సర్‌తో పని లేదు. బయటివైపు హ్యాండిలే లేదు, తాళంచెవి రంధ్రం ఒక్కటే, చెవి ఆవిడ దగ్గర. రెక్కల మధ్య సందుకి బయటినుంచి ఉక్కు పట్టీ, ఇక తీగా దూరదు టీ దూరదు. లోపలికి రావడం వేరే లెక్క, బయటికి పోవడం వేరే లెక్క, రెండింటినీ ఒకే పరికరం నెత్తిన పెట్టడమే ఆ పాత కాంట్రాక్టరు చేసిన ఘనకార్యం. మన నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోనూ అదే ఉంది, బయటికి దారి తీసే తలుపు లోపలివైపు నుంచి తాళంచెవి లేకుండా తెరుచుకోవాలని.

ఈ బార్ వెనకా మా తాళాల జాతివాడే ఒకడున్నాడురా. కార్ల్ ప్రింజ్లర్ అని ఇండియానాపొలిస్‌లో హార్డ్‌వేర్ సామాను అమ్మేవాడు. 1903 డిసెంబరు 30న షికాగోలో ఇరోక్వా థియేటర్‌కి వెళ్లాల్సినవాడు, ఏదో వ్యాపారం పని పడి ఆగిపోయాడట. ఆరోజు అక్కడ 602 మంది పోయారు. జనానికి గడియలు ఎలా తియ్యాలో తెలియని తలుపులు కూడా ఉన్నాయి. అది మనసులో పెట్టుకుని హెన్రీ డ్యూపాంట్ అనే ఆయనతో కలిసి 1908లో బార్ తెచ్చాడు. వాన్ డుప్రిన్ అని ఆ బ్రాండు ఇప్పటికీ అమ్ముడవుతోంది. తాళాలు అమ్మేవాడు తలుపులు తెరిచే పని చేశాడు చూడు. నేను ఎప్పుడైనా... సరే, అది తర్వాత.

ఇక్కడ ఇంకో యుద్ధం. ఆవిడ మేనల్లుడు డాలస్ నుంచి ఫోన్లో సలహా ఇచ్చాడు: అక్కడి దుకాణాల్లో బార్ తోస్తే ముందు అలారం మోగి 15 సెకన్ల తర్వాతే తలుపు తెరుచుకుంటుంది, అది పెట్టించు అత్తా అని. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఆ 15 సెకన్లలో వాచ్‌మన్ పరుగెత్తుకొస్తాడు కదా! నిజమే, ఆ రకం ఉంది. కానీ వాళ్ల నిబంధనల్లోనే, భవనమంతా మంట మీద నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్లు గానీ, ఆటోమేటిక్‌గా మంట పసిగట్టే వ్యవస్థ గానీ ఉంటేనే ఆ తాళం పెట్టనిస్తారు. అవి పని మొదలెట్టగానే, లేదా కరెంటు పోగానే, ఆ ఆలస్యం రద్దయి తలుపు వెంటనే వదలాలి. ఈ భవనంలో మంట పసిగట్టేది ఆయమ్మ ముక్కు ఒక్కటే. కుదరదన్నాను. "డబ్బులు ఎక్కువిస్తాను" అంది. అప్పుడూ కుదరదన్నాను. కొట్టు అద్దె పెరిగిన నెలలో ఆ మాట అనడం ఎంత కష్టమో నీకు తెలీదు.

చివరికి బార్‌కి బ్యాటరీతో మోగే హారన్ పెట్టి రాజీ చేశాను. తోయగానే తలుపు వెంటనే తెరుచుకుంటుంది, హారన్ మాత్రం చెవులు చిల్లులు పడేట్టు మోగుతూనే ఉంటుంది, ఆవిడ తాళంచెవి పెట్టి తిప్పేదాకా. ఎవరినీ ఆపదు, వెళ్లినట్టు ఊరంతటికీ చెప్తుంది. పరీక్షించిన రోజు పక్క అపార్ట్‌మెంట్ వాళ్లు కూడా కిందికి దిగారు. మా ఫిజిక్స్ పిల్ల నా వంక కోపంగా చూసి, "అంకుల్, మీరు మా పార్టీనా ఆంటీ పార్టీనా?" అంది. ఏం చెప్పను? నారదుడు బతికుంటే నన్ను చూసి పడీ పడీ నవ్వేవాడు. ఆవిడతో మాట్లాడి, షిఫ్టు ఉద్యోగాల పిల్లలకి ముందు గుమ్మం పదకొండున్నర దాకా తీసి ఉంచేట్టు ఒప్పించాను. రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి. అంతకంటే నా చేతుల్లో లేదు.

అసలు గొడవ ఇంకా తీరలేదురా. తలుపు దాటితే ఎక్కడికొస్తాం? వెనక సందులోకి. ఆ సందు చివర కొలాప్సిబుల్ గేటు. దానికి తాళంకప్ప! బిగించడమంతా అయ్యాక బయటికి నడిచి చూసినప్పుడు కనపడింది. హాస్టలమ్మ అంటుంది, "అది మాది కాదు బాబూ, పక్క కొట్టాయనది." పక్క కొట్టాయన అంటాడు, "నా సరుకు పోతే నువ్విస్తావా?" నిన్న ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టాను. ఆయన గేటు బదులు లోపలినుంచి తోసే చిన్న తలుపు పెడదామన్నాను, ఖర్చు సగం సగం. ఆయన ముప్పావు వంతు ఆవిణ్ణి పెట్టుకోమంటున్నాడు. ఆవిడ గరిటె పట్టుకుని లేచింది. రేపు మళ్లీ కూర్చోవాలి. ఫైర్ వాళ్లు గురువారం వస్తున్నారు. నా బిల్లు ఇంకా...

మా కుర్రాడు బండి హారన్ కొడుతున్నాడు, కొరియర్ వాడు మూసేస్తాడట. మీ ఆవిణ్ణి అడిగానని చెప్పు. విగ్రహం ఫోటో మర్చిపోకు. నీ పెళ్లిలో పోయిన చెప్పుల సంగతి దొరికింది, ఈసారి రాస్తా—

నీ
తాళాలోడు