తొలి మెట్రోకు అందని రాత్రి బస్సులు

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లోని ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్‌స్టేషన్) మెట్రో స్టేషన్ ఆ నగరవాసులకు ఎంత అవసరమో, రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి ఆ బస్టాండులో దిగే కర్నూలు ప్రాంతం వారికీ అంతే అవసరం. 2018 సెప్టెంబరులో మియాపూర్–ఎల్‌బీ నగర్ మార్గం, 2020 ఫిబ్రవరిలో సికింద్రాబాద్ జేబీఎస్ (జూబ్లీ బస్‌స్టేషన్) మార్గం ఇక్కడికి రావడంతో, నిమ్స్ ఆసుపత్రికి వెళ్లవలసిన రోగి పంజాగుట్టలోనూ, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లవలసినవారు లక్డీకాపూల్‌లోనూ దిగే వీలు కలిగింది; రెండో మార్గమైతే గాంధీ ఆసుపత్రి స్టేషన్ మీదుగానే పోతుంది. ఉస్మానియా ఆసుపత్రికో బేగంబజారుకో పోయేవారికి అవి దగ్గరే కనుక మెట్రోతో పనే లేదు.

చిక్కంతా వేళల దగ్గరే. మెట్రో ఉదయం ఆరు గంటలకు గాని మొదలు కాదు. మన రాత్రి బస్సులు అనేకం నాలుగు, అయిదు గంటలకే అక్కడ దించేస్తాయి. ఆ చీకట్లో రోగిని వెంటబెట్టుకొని ఆరు దాకా కూర్చోలేనివారు ఆటోవాలా అడిగినంతా ఇచ్చి వెళ్తున్నారు. అది చాలాసార్లు కర్నూలు నుంచి వచ్చిన బస్సు ఛార్జీకి తీసిపోదు.

మెట్రోను ఇంకా ముందుగా నడపమని అడగడం తేలికే గాని, పట్టాల తనిఖీకి, మరమ్మతులకు రాత్రి కొన్ని గంటలే దొరుకుతాయి కనుక ఆ కోరిక అంత సబబు కాదు. మన ఆర్టీసీ చేతిలో ఉన్న పని వేరే ఉంది. ప్రయాణం దాదాపు అయిదు గంటలు కాబట్టి, అర్ధరాత్రికి ముందు వరుసగా వదిలే బస్సుల్లో ఒకటి రెండింటిని ఒంటిగంట ప్రాంతానికి జరిపితే అవి తొలి మెట్రో వేళకు చేరతాయి. ఆలస్యంగా బయలుదేరితే ఓపీ చీటీ దొరకదేమోనన్న భయం సహజమే. కానీ ఆరింటికి రైలెక్కినవారు అరగంటలోపే పంజాగుట్టలో ఉంటారు.

ఏ ఆసుపత్రికి ఏ స్టేషన్‌లో దిగాలో, తొలి రైలు ఎన్ని గంటలకో తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిన బోర్డును కర్నూలు బస్టాండులో హైదరాబాద్ బస్సులు నిలిచే చోట పెట్టించాలని కూడా అధికారులను కోరుతున్నాను.

– ఒక ప్రయాణికుడు, బుధవారపేట, కర్నూలు