అమ్మలూ, టవళ్లు విడిగా ఉతకక్కర్లేదు

అమ్మలూ,

కాగితం మీద రాసి కొరియర్ చేస్తున్నానని నవ్వకు. ఫోన్లో పెడితే నీలం గీతలు రెండు, కింద బొటనవేలు బొమ్మ ఒకటి, అంతే కదా ఈమధ్య నీ జవాబు. నాన్నేమో "ఆఫీసు పనుల్లో ఉంటుందిలే, వదిలేయ్" అంటున్నారు. సరే, వదిలేశాను. ఇక్కడి కబుర్లే రాస్తాను.

మర్రిపాలెంలో చలి బాగానే పడుతోంది. నాన్న పొద్దున్నే మఫ్లర్ చుట్టుకుని పాలకి వెళ్తుంటే పక్కింటి పిల్లలు ఒకటే నవ్వు. చింతకాయలు వచ్చాయి, తొక్కు నూరి జాడీకెత్తాను, నీకూ ఒక సీసా పక్కన పెట్టాను. డాబా మీద ట్యాంకు మళ్లీ కారుతోంది, ప్లంబరు "రేపొస్తానమ్మా" అంటూనే ఉన్నాడు. సత్యం మావయ్య మోకాలి ఆపరేషన్ వద్దని పసరు మందు మొదలెట్టాడు, ఇక ఆయనకి చెప్పేవాళ్లెవరు. మార్గశిరం కదా, గురువారం బురుజుపేట అమ్మవారి దగ్గరికి వెళ్లాను. జనం ఇసకేస్తే రాలనట్టు ఉన్నారు. ఆ క్యూలో మీ పెద్దాడపడుచు కనిపించింది. చేతిలో పసుపు పొట్లం పట్టుకుని, ముందూ వెనకా అంతమంది వింటుండగా, "అత్తయ్యగారూ, వదినకి క్యాన్సరట కదా, గర్భసంచి తీసేసినా మళ్లీ వచ్చిందట కదా" అంది. "ఎవరు చెప్పారమ్మా" అంటే "అంటున్నారు" అంది. ఆ తర్వాత అమ్మవారికి ఏం మొక్కుకున్నానో నాకే గుర్తులేదు.

అంతకు ముందే పాప వీడియో కాల్‌లో చెప్పింది, అమ్మ తన టవల్ మమ్మల్ని ముట్టుకోనివ్వట్లేదు, తన బట్టలు వేరే బకెట్లో డెట్టాల్ వేసి నానబెడుతోంది, కంచం కూడా వేరే పెట్టుకుంది అని. కొత్త శుభ్రం ఏదో పట్టుకుందిలే అనుకున్నాను. ఆ మాటా ఈ మాటా కలుపుకున్నాక అల్లుడుగారికి ఫోన్ చేశాను. మారు మాట్లాడకుండా రిపోర్టు ఫొటో తీసి పంపారు పాపం. ఆయన మీద విసుక్కోకు, గదమాయించింది నేనే.

కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాను. హైరిస్క్ హెచ్‌పీవీ పాజిటివ్ అని ఉంది, అంటే గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌కి దారితీయగల రకం వైరస్ కనిపించిందని. వాటిలో అన్నిటికంటే చెడ్డవైన 16, 18 రకాలు నెగెటివ్ అని కూడా ఉంది, ఆ లైను నువ్వు చూశావో లేదో. స్మియర్‌లో, అదే లోపలి పొర కణాలు తీసి చూసే టెస్టులో, 'ఆస్కస్' అని రాశారు, అంటే కణాలు కొంచెం తేడాగా కనిపిస్తున్నాయి, ఇదీ అని తేల్చి చెప్పలేం అని. కింద కాల్పోస్కోపీ, అంటే భూతద్దంలాంటి పరికరంతో లోపలి పొరని చూసే పరీక్ష, చేయించుకోమని డాక్టరు రాసింది. దాని పక్కన తేదీ కూడా చూశాను. ఇన్ని వారాలైనా వెళ్లలేదేమిటి తల్లీ? నా టెన్షన్ అంతా ఆ తేదీ గురించే.

లెక్చరు ఇవ్వనులే. ఘోషాస్పత్రి ఓపీలో నర్సుగా అరిచి అరిచి ఇంట్లో కూడా అదే గొంతు వచ్చేసిందని నువ్వు చిన్నప్పుడే అన్నావు. కాకపోతే ఒకటి రెండు ముక్కలు చెప్పకపోతే నాకు అన్నం సయించదు.

ఈ వైరస్ కంచాల్లోంచి, టవళ్లలోంచి, బాత్రూం మగ్గులోంచి పిల్లలకి అంటుకునేది కాదు. భార్యాభర్తలు దగ్గరగా ఉన్నప్పుడు చర్మానికి చర్మం తగిలి అంటుకునేది. ఆ రెండో బకెట్ తీసి మొక్కలకి వాడుకో. పాపని పక్కన పడుకోబెట్టుకో, అదెంత బెంగ పెట్టుకుందో దాని గొంతులోనే తెలిసింది. రాత్రి పడుకునేటప్పుడు దానికి స్వెట్టరు వెయ్యి, మొన్న దగ్గుతోంది కూడా.

గర్భసంచే లేదు, ఇంకా ఇదెక్కడి నుంచి అని నువ్వు బుర్ర బద్దలుకొట్టుకుంటూ ఉంటావు. ఆ వైరస్ కాపురం సంచిలో కాదమ్మా, పైపొరలో. ముఖద్వారం తీసేశాక యోని పైభాగాన్ని కుట్లు వేసి మూస్తారు, వాల్ట్ అంటాం మేము, ఆ పొరలోనూ ఉండొచ్చు. కొందరిలో ఏళ్ల తరబడి అణిగి ఉండి తర్వాతెప్పుడో టెస్టులో పడుతుంది. ఎక్కువమందిలో ఏడాది రెండేళ్లకి ఒంట్లో శక్తే దాన్ని అణిచేస్తుంది. 2008లో ఈ వైరస్‌కీ ముఖద్వారం క్యాన్సర్‌కీ ఉన్న లంకె కనిపెట్టిన జర్మనీ డాక్టరు జుర్ హౌసెన్‌కి నోబెల్ ఇచ్చారు చూడు, అప్పుడు మా డాక్టరు మేడమ్ ఓపీ అయ్యాక నర్సులందర్నీ కూర్చోబెట్టి ఇదే చెప్పింది. కాపురం చేసే ఆడా మగా చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతుంది, చాలామందికి వచ్చినట్టు పోయినట్టు కూడా తెలీదు, వదలకుండా ఏళ్లపాటు పట్టుకున్న కొద్దిమందిలోనే జాగ్రత్తపడాలి అని. "అయితే మనలో కూడా ఎవరికో ఉండే ఉంటుందన్నమాట మేడమ్" అంది ఓ సిస్టర్. అందరం నవ్వాం గానీ ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఇంకో మాట, రాయడానికి చెయ్యాడట్లేదు కానీ రాసేస్తాను. మీ ఇద్దరి మధ్యా మాటలు తగ్గాయని పాపని బట్టి తెలుస్తూనే ఉంది. ఎవరి వల్ల వచ్చింది, ఎప్పుడు వచ్చింది అని తవ్వుకుంటున్నారేమో. ఆ టెస్టుకి ఆ సంగతి తెలీదు. మీలో ఎవరికి ఏ కాలంలో తగిలిందో ఏ డాక్టరూ చెప్పలేరు, పాజిటివ్ వచ్చిందని ఇప్పుడెవరో తప్పు చేసినట్టు కాదు. ఆయన్ని కూడా టెస్టు చేయించుకోమని పోరుపెట్టకు, మగవాళ్లకి మామూలుగా చేసే టెస్టంటూ ఏదీ లేదు దీనికి. మీ అత్తగారు "మావాడు బంగారం" అని ముక్కుతో మాట్లాడితే మాట్లాడనీ, ఆవిడకి షాపులో బిల్లు వేస్తే తప్ప బంగారం ఏదో తెలీదు.

రాజాం వదిన సంగతి నీకెప్పుడూ చెప్పలేదు కదూ. హుద్‌హుద్ తుఫాను వచ్చిన ఏడాది అది, నువ్వు పాపని కడుపుతో ఉన్నావు, అందుకే ఎవరం నీ చెవిన వెయ్యలేదు. వదినకి అంతకు ఏడెనిమిదేళ్ల ముందు తెల్లబట్ట, నడుంనొప్పి అని వెళ్తే ఒక నర్సింగ్ హోమ్‌లో "తీసేయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని భయపెట్టి గర్భసంచి తీసేశారు. అదొక తంతు అయిపోయింది మన దగ్గర. దేశం మొత్తంలో గర్భసంచులు ఎక్కువగా తీయించుకున్నది మన రాష్ట్రం ఆడవాళ్లేనని సర్కారు సర్వేలే చెబుతున్నాయి. సరే, 2014 అక్టోబరు 12న తుఫాను కొట్టింది, వాళ్ల ఇంటి పైరేకులు లేచిపోయాయి, వదినా వెంకట్రావు బావా మూటాముల్లే సర్దుకుని మనింటికి వచ్చేశారు. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఇంట్లో ఎనిమిది మందిమి. ఆ గొడవలో వదిన వంటింట్లో నా పక్కకి వచ్చి, ఎవరూ వినకుండా, "మరదలా, మళ్లీ కొంచెం ఎరుపు కనిపిస్తోంది, సంచే లేదు కదా, ఎలాగంటావ్" అంది. ఊరు కొంచెం తేరుకున్నాక మా ఓపీకి తీసుకెళ్లాను. వాల్ట్ స్మియర్ తీస్తే అందులో గట్టి తేడానే వచ్చింది. మేడమ్ అడిగిన మొదటి ప్రశ్న, "గర్భసంచి తీసినప్పటి బయాప్సీ రిపోర్టు ఏదీ?" వదిన తెల్లమొహం వేసింది. సంచే పోయాక దాని రిపోర్టుతో పనేమిటి అని ఆవిడ అనుకుంది.

బావ వెళ్లి ట్రంకు పెట్టె మోసుకొచ్చాడు. మూత తీస్తే లోపలంతా నీళ్లు. రేషన్ కార్డు, ఎల్ఐసీ బాండ్లు, పొలం పాస్ పుస్తకం, వాళ్ల శుభలేఖ, అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దయిపోయాయి. ఒక్కో కాగితం ఒలిచి డాబా మీద బట్టల తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేశాం. గాలికి శుభలేఖ ఎగిరి పక్కవాళ్ల ట్యాంకులో పడింది, బావ గోడ దూకి తెచ్చుకున్నాడు, ఆ వయసులో! రిపోర్టు దొరికింది గానీ సిరా అలికేసింది, పైన మూలన ల్యాబ్ నంబరు ఒక్కటే కనిపిస్తోంది. ఆ నంబరు పట్టుకుని బావ నర్సింగ్ హోమ్‌కి వెళ్తే "పాతవి మా దగ్గర ఉండవండీ" అన్నారు. మేడమ్ మాత్రం, ముక్క పరీక్షించిన ల్యాబ్‌కి వెళ్లండి, ముక్కని మైనపు దిమ్మలో పెట్టి ఏళ్లపాటు దాచుతారు అంది. దాచారు కూడా. ఆ దిమ్మని మళ్లీ కోసి చూస్తే ముఖద్వారంలో సీఐఎన్ 3 అని తేలింది, క్యాన్సర్ కాదు గానీ దానికి ముందు వచ్చే గట్టి మార్పు. అంటే ఆపరేషన్ నాడే తేడా ఉంది, తర్వాత కూడా చూపించుకుంటూ ఉండాలని ఆవిడకి ఒక్కరూ చెప్పలేదు.

కాల్పోస్కోపీ రోజు లోపల పక్కన నిలబడింది నేనే. వెనిగర్ వాసన వచ్చే నీళ్లు పూశారు, తర్వాత అయోడిన్ పూశారు. బాగున్న పొర ముదురు గోధుమరంగుకి తిరుగుతుంది, తేడా ఉన్న చోట రంగు పట్టదు. కుట్టు మూలన గోరంత మేర తెల్లగా పాలిపోయి ఉండిపోయింది. వదిన నా చెయ్యి పట్టుకుని ఎంత పిసికిందంటే గాజు చిట్లింది. నొప్పికి కాదట, "అది కనిపిస్తోందా, అది కనిపిస్తోందా" అని అడుగుతూనే ఉంది. అక్కడ చిన్న ముక్క తీసి పంపారు, మధ్యరకం మార్పు అని వచ్చింది, లేజర్ పెట్టి కాల్చేశారు. అయిపోయింది. ఇప్పటికీ చెకప్‌కి రాజాం నుంచి వస్తుంది, పని కాగానే పూర్ణా మార్కెట్‌కి పరిగెత్తి ఉల్లిపాయల దగ్గర బేరం ఆడుతుంది, మనందరికంటే గట్టిగా ఉంది మనిషి.

నీ సంగతి వదినకంటే నయం, నీకు తెలిసే ఉంది. నీకు ఫైబ్రాయిడ్లతో, అదే సంచిలో గడ్డలతో, పాటు బయాప్సీలో సీఐఎన్ 3 వచ్చింది కాబట్టే ఈ టెస్టు. ముందెప్పుడూ ముఖద్వారంలో తేడా లేకుండా ఉత్త ఫైబ్రాయిడ్లకి తీయించుకున్నవాళ్లకైతే తర్వాత ఈ టెస్టుతో పనిలేదు. నీలాంటి వాళ్లు మొదట మూడేళ్లు ఏటా, ఆ తర్వాత మూడేళ్లకోసారి చొప్పున పాతికేళ్లపాటు చూపించుకోవాలి. కాబట్టి డాక్టరు డబ్బుల కోసం రాసిందని మీ ఆఫీసులో ఎవరైనా అంటే వినకు. బీరువాలో నీలం ఫైలు ఉంటుంది, ఆపరేషన్ నాటిది, అందులో బయాప్సీ కాగితం పెట్టింది నేనే. తీసి బ్యాగులో పెట్టుకో, ఒక జిరాక్స్ కూడా తీయించు.

ఓవరీలు కూడా తీసేశారు కదా నీకు. అలాంటప్పుడు లోపలి పొర పలచబడి ఎండినట్టవుతుంది, దానివల్ల కూడా స్మియర్‌లో తేడా చూపిస్తుంది ఒక్కోసారి. అందుకే కొందరికి కొన్ని వారాలు ఈస్ట్రోజన్ క్రీమ్ రాయించి మళ్లీ చూస్తారు. ఆ మాట డాక్టర్ని అడుగు, నీ అంతట నువ్వు కొనకు. కాల్పోస్కోపీలో ఏమీ కనిపించకపోతే ఏడాదికి మళ్లీ టెస్టు, అంతే. చిన్నరకం మార్పైతే ఎక్కువగా చూస్తూ ఊరుకుంటారు, దానంతటదే సర్దుకుంటుంది. పెద్దరకమైతే లేజరో, క్రీమో, చిన్న ముక్క తీసేయడమో ఏదో ఒకటి ఉంది. అసలు యోనిలో క్యాన్సర్ అనేది చాలా అరుదు. నీ ఆడపడుచుకి ఇది నేనే చెప్తాను, వచ్చే గురువారం అదే క్యూలో, అంతే గట్టిగా.

వెళ్లే ముందు రెండ్రోజులు లోపల క్రీములూ అవీ వాడకు, మీ ఇద్దరూ దూరంగా ఉండండి. ఖాళీ కడుపుతో వెళ్లకు, నీకసలే కళ్లు తిరుగుతాయి. ముక్క తీస్తే కొద్దిరోజులు గోధుమరంగు మరక కనిపిస్తుంది, కంగారుపడకు. ఎర్రగా ఎక్కువ పోయినా, జ్వరం వచ్చినా మాత్రం ఫోన్ చేసి వెళ్లిపో. అక్కడ మనసు కుదరకపోతే ఇక్కడికి వచ్చెయ్, అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ఉంది, నాన్న ఆటో మాట్లాడతారు. బోర్డు మీద క్యాన్సర్ అని ఉందని బెదిరిపోకు, చూపించుకోవడానికి వచ్చిన వాళ్లందరికీ అదే ఉండదు.

పాపకి పదేళ్లు నిండాయి కదా, టీకా సంగతి ఆలోచించండి. పూణే సీరం వాళ్ల సెర్వావాక్ 2023 నుంచి దొరుకుతోంది, 9 నుంచి 14 ఏళ్ల పిల్లలకి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. నీకిప్పుడున్నదాన్ని ఆ టీకా పోగొట్టదు, దాని మీద ఆశ పెట్టుకోకు. పాపకి మాత్రం వేయించు, "చిన్నపిల్లకి అదెందుకు" అని మీ అత్తగారు అంటే నాకు ఫోన్ ఇవ్వు.

సోమవారం గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి టికెట్ తీయించాను, మంగళవారం పొద్దున్న ఇంట్లో ఉంటాను. స్టేషన్‌కి రావద్దు, క్యాబ్ బుక్ చేసుకోవడం నాకొచ్చు. ఆ వారంలోనే అపాయింట్‌మెంటు తీసుకో, నేను వచ్చి చూసేసరికి తీసుకుని ఉండాలి. లోపలికి నన్ను రానివ్వకపోయినా బయట బెంచీ మీద కూర్చుంటాను, ఆసుపత్రి బెంచీలు నాకేం కొత్త కాదు.

ఈ ఉత్తరం అల్లుడుగారికి కూడా ఇవ్వు, ఆయనా చదవాలి. బంగారం ముక్క ఉన్న పేజీ మాత్రం ముందే తీసి దాచెయ్.

అమ్మ