అమెరికాలోని ఆర్కాన్సాస్ రాష్ట్ర కార్యదర్శి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

రాష్ట్ర రాజ్యాంగంలో గర్భస్రావ హక్కు చేర్చే సవరణను ప్రజల ఓటుకు పెట్టమంటూ 2024 జూలైలో లక్షకు పైగా సంతకాలు, ఎన్నికలు చూసే మీ కార్యాలయానికి చేరాయి. కావలసినవి 90,704. డబ్బు తీసుకుని సంతకాలు సేకరించినవాళ్లకు శిక్షణ ఇచ్చామని ధ్రువీకరించే పత్రం వాటితో పాటు జతచేయలేదని మొత్తం అర్జీనే తిరస్కరించారు. ఆగస్టులో రాష్ట్ర సుప్రీంకోర్టు 4-3 తేడాతో దాన్ని ఖాయం చేసింది. డబ్బు తీసుకున్నవాళ్లు తెచ్చినవి పోగా, స్వచ్ఛంద కార్యకర్తలు తెచ్చినవి 87 వేల పైచిలుకే; అవి చాలలేదు. ఇందులో ఓటరు చేసిన తప్పేముంది?

ఒక్క ఫారం చేతిలోకి తీసుకుని చూడండి. సంతకం, పేరు, పుట్టిన తేదీ, చిరునామా, ఊరు, సంతకం చేసిన తేదీ. ప్రతి సంతకం సేకరించే మనిషి కళ్లెదుటే పడాలి. చివర ఆ మనిషి నోటరీ ముందు ప్రమాణం చేయాలి. నోటరీ సంతకం లేకపోతే ఆ ఫారంలోని వాళ్లందరి సంతకాలూ వృథా.

పైగా 75 కౌంటీల్లో, అంటే జిల్లాల్లాంటి వాటిలో, 50 చోట్ల కనీస సంఖ్యలో సంతకాలు రావాలని 2023 చట్టం పెట్టింది. పూర్వం 15 చాలేవి.

తొలి లెక్కలో చెల్లిన సంతకాలు కావలసిన సంఖ్యలో 75 శాతం ఉంటే, కొరత పూడ్చుకోవడానికి 30 రోజులు ఇస్తారు. జతచేయని పత్రానికి మాత్రం ఒక్క రోజు కూడా లేదు. అర్జీ అందుకునే బల్ల దగ్గరే ఏ కాగితం లేదో రాసివ్వండి, తెచ్చివ్వడానికి రెండు రోజులు ఇవ్వండి. చట్టం అడ్డొస్తే, మార్చమని శాసనసభకు మీరే రాయండి.

ఇట్లు,
సంతకాల సేకరణ కార్యకర్తలు