వైద్య కళాశాలల్లో పాఠం చెప్పడమూ నేర్పాలి

సంపాదకుల వారికి,

గోదావరి జిల్లాల్లో ఒకప్పుడు డాక్టరీ చదువంటే 1958లో పెట్టిన కాకినాడ రంగరాయ కళాశాలే. తర్వాత ప్రైవేటువి వచ్చాయి. 2023లో రాజమహేంద్రవరం, ఏలూరుల్లో 150 చొప్పున సీట్లతో ప్రభుత్వ కళాశాలలూ మొదలయ్యాయి. సంతోషమే. భవనాలు, పడకలు, ఖాళీ పోస్టుల గురించి పత్రికల్లో తరచూ చదువుతున్నాం. ఉన్న అధ్యాపకులు పాఠం ఎలా చెబుతున్నారన్నది మాత్రం ఎవరూ అడగడం లేదు.

నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనవాణ్ణి. తొమ్మిదో తరగతికి కణం గురించి చెప్పాలన్నా బీఈడీ ఉండాలి. టీచింగ్ ప్రాక్టీసులో మా లెక్చరర్ వెనక బెంచీలో కూర్చుని, ఎక్కడ తడబడ్డామో పాఠం అయ్యాక చెప్పేవారు. చేయి తిరిగిన సర్జన్‌కు ఆ అవసరం ఉండదని ఎలా అనుకుంటాం? మా ఊరి మెడికోల మాట వింటే, స్లైడ్లు చదివి వెళ్లిపోయే క్లాసులే ఎక్కువ. అసలు పాఠం డబ్బు కట్టి ఫోన్లో వింటున్నారు.

జాతీయ వైద్య కమిషన్ ఏమీ చేయలేదనను. అసోసియేట్ ప్రొఫెసర్‌గా ప్రమోషన్ కావాలంటే వైద్య బోధనలో బేసిక్ కోర్సు చేయాలని 2022 నిబంధనల్లో పెట్టింది. అది మూడు రోజుల శిక్షణ. సర్టిఫికెట్ ఫైల్లో చేరాక క్లాసు మారిందో లేదో చూసే నాథుడు లేడు. పైగా 2025 నిబంధనలతో, 220 పడకలకు పైబడిన ప్రభుత్వాసుపత్రుల్లో పదేళ్లు చేసిన స్పెషలిస్టులూ అసోసియేట్ ప్రొఫెసర్లు కావచ్చు. కొరత ఉంది కాబట్టి తప్పుపట్టను. రోగులను చూసిన అనుభవం వారికి పుష్కలం. దాన్ని పిల్లలకు అందించడం ఎవరు నేర్పుతారు?

రోగి మంచం పక్కనే ఐదు నిమిషాల్లో అయ్యే బోధన పద్ధతి ఒకటుంది. జబ్బేమిటనుకుంటున్నావని ముందు విద్యార్థినే అడగాలి, ఎందుకో చెప్పించాలి. ఆపైన ఒక్క సూత్రం చెప్పి, సరిగ్గా చేసిందేదో, తప్పిందేదో అక్కడే తేల్చాలి. ఓపీ రద్దీలోనూ కుదురుతుంది. అయితే పుస్తకం చదివితే రాదు, పక్కనుండి ఎవరో ఒకరు దిద్దాలి.

ప్రతి కళాశాలలో అధ్యాపకులకు బోధన నేర్పే మెడికల్ ఎడ్యుకేషన్ యూనిట్ ఉండాలన్న నియమం ఎలాగూ ఉంది. దాని ద్వారానే, రంగరాయలో ఏళ్ల తరబడి చెప్పిన సీనియర్లను, రిటైరైనవారితో సహా, నెలకోసారి కొత్త కళాశాలలకు పంపి క్లాసుల్లో, వార్డు రౌండ్లలో కూర్చోబెట్టాలి. విద్యార్థుల అభిప్రాయాలు పేర్లు లేకుండా తీసుకోవాలి. పేరు రాయమంటే ఇంటర్నల్ మార్కుల టెన్షన్‌తో ఒక్కరూ నిజం రాయరు. 2023 బ్యాచ్ పిల్లలు హౌస్ సర్జన్లయ్యేలోపే ఇది మొదలుకావాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, రామచంద్రపురం