అమీనా మా గుమ్మం ఎక్కాడురా బావా

2024 ఫిబ్రవరి 11

ఒరేయ్ బావా,

మూడు నెలలుగా ఫోన్ ఎత్తకపోతే అలిగావని విన్నాను. అలగకురా, ఇది చదివాక తిట్టుకో.

చిన్నప్పుడు మీ వీధిలో ఎవరింటికో కోర్టు అమీనా జప్తుకొచ్చి గేదెను విప్పుకుపోతుంటే మనం గోడెక్కి చూశాం, గుర్తుందా? పోయిన నవంబర్లో అలాంటివాడే మా గుమ్మం ఎక్కాడు. ఇక్కడ ఇంగ్లాండులో బెయిలిఫ్ అంటారు. ఉదయం ఏడున్నరకు తలుపు కొట్టాడు. ఛాతీ మీద కెమెరా, చేతిలో కార్డులు గీకే మిషను. మీ చెల్లెలు నైట్ డ్యూటీ దిగి అప్పుడే నిద్రపోతోంది. 1,122 పౌండ్లు ఇప్పుడే కట్టాలి, లేకపోతే కారు కదలకుండా చక్రానికి క్లాంప్ బిగిస్తానన్నాడు.

అసలు సంగతి కౌన్సిల్ టాక్స్. మన ఇంటి పన్ను లాంటిదే గానీ, ఇక్కడ మామూలుగా అద్దెకున్నవాడే కట్టాలి. చదువుకునేవాళ్ళకు ఉండదు. నా ఎమ్మెస్సీ 2022 సెప్టెంబర్లో అయిపోయింది. ఆ తర్వాత కూడా పాత ఫ్లాట్‌లో ఇద్దరు కుర్రాళ్ళతో ఎనిమిది నెలలు ఉన్నాను. వాళ్ళింకా విద్యార్థులే కాబట్టి బిల్లంతా నా ఒక్కడి నెత్తినే పడింది, పాతిక శాతం తగ్గించి. చదువైపోయిందని కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి మున్సిపాలిటీకి, చెప్పాలని నాకు తట్టనే లేదు. అది నా తప్పే, దాచను.

కానీ మే నెలలో ఈ ఇంటికి మారినప్పుడు అదే కౌన్సిల్‌కి కొత్త అడ్రసు ఇచ్చాను. నెలనెలా డైరెక్ట్ డెబిట్‌లో వాళ్ళే పన్ను లాక్కుంటున్నారు. పాత బాకీ బిల్లు మాత్రం పాత ఫ్లాట్‌కే పంపారు. రిమైండరూ అక్కడికే, మెజిస్ట్రేట్ కోర్టు సమనూ అక్కడికే. ఆ సాయంత్రం వెళ్ళి చూస్తే చెప్పుల స్టాండు కింద, పిజ్జా కాగితాల మధ్య అన్నీ ఉన్నాయి. "అన్నా, నువ్వొచ్చినప్పుడు ఇద్దామని పెట్టాం" అన్నారు పిల్లలు. వాళ్ళనేమంటాం?

తలుపు దగ్గరికి వస్తాను. కౌన్సిల్ టాక్స్ బాకీకి మొదటిసారి వచ్చినవాడు మనం రానివ్వకుండా తలుపు పగలగొట్టి దూరకూడదని మీ చెల్లెలికి ఎవరో చెప్పారట. నిద్రకళ్ళతోనే "లోపలికి రానివ్వకండి" అని అరిచింది. కిటికీలోంచే మాట్లాడాను. తాళాలవాణ్ణి తెస్తానని బెదిరించాడు, తేలేదు. వాడు మెట్లు దిగకముందే ఫోన్లో కౌన్సిల్‌కి 812 కట్టేశాను. పన్నూ, కోర్టు ఖర్చూ కలిపి అంతే. పీడ వదిలిందనుకున్నాను.

వదల్లేదు బావా. మిగిలిన 310 వాడి ఫీజులట! 2014లో వచ్చిన రూల్స్ ప్రకారం కేసు కౌన్సిల్ నుంచి బెయిలిఫ్ కంపెనీ చేతికి రాగానే 75, గుమ్మం తొక్కితే ఇంకో 235. వస్తువులు అమ్మేదాకా పోతే మరో 110. బాకీ 1,500 దాటితే ఆ దాటిన మొత్తం మీద ఏడున్నర శాతం అదనం, నాకా బాధ లేదు. అసలు మెలిక ఇంకోటుంది. కేసు వాళ్ళ చేతికి వెళ్ళాక మనం కట్టినదాంట్లో ముందు ఆ 75 పోతుంది, మిగతాది పన్నుకీ ఫీజుకీ వాటాలుగా జమవుతుంది. అంటే కౌన్సిల్‌కి పన్నంతా కట్టానని నేననుకుంటున్నా, లెక్కలో ఇంకా కొంత పన్ను బాకీ ఉన్నట్టే. వడ్డీ వ్యాపారి చిట్టా కూడా ఇంత తిరకాసుగా ఉండదు.

ఉచితంగా సలహాలిచ్చే సిటిజన్స్ అడ్వైస్ అనే సంస్థలో ఒకావిడ ఓపిగ్గా అన్నీ చూసి ఒకటే అడిగింది, "గుమ్మానికి రాకముందు పంపాల్సిన నోటీసు ఎక్కడికి వెళ్ళింది?" అని. ఆదివారాలు, బ్యాంకు సెలవులు పోను 7 పూర్తి రోజుల గడువుతో నోటీసు ఇవ్వాలట. పోస్టులో పంపితే మనిషి మామూలుగా ఉండే చోటికి పంపాలట. ఆ నోటీసు కూడా పాత ఫ్లాట్‌లో చెప్పుల స్టాండు కిందే దొరికింది కదా! ఇక నాకు కావాల్సిన సాక్ష్యం కౌన్సిల్ వాళ్ళే నాకు పంపిన కొత్త ఇంటి బిల్లు.

బెయిలిఫ్ కంపెనీకి రాస్తే "ఫీజులు చట్టప్రకారమే" అని రెండు ముక్కలు. కౌన్సిల్‌కి ఫిర్యాదు పెడితే కంపెనీనే అడగమన్నారు. అప్పుడు తిక్కరేగి రెండో దశ ఫిర్యాదు రాశాను. వాడు మీ తరఫున వచ్చాడు కాబట్టి జవాబుదారీ మీదే, ఇక్కడ తేలకపోతే కౌన్సిళ్ళ మీద ఫిర్యాదులు వినే లోకల్ గవర్నమెంట్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తానని. కొత్త బిల్లు, పాత నోటీసు పక్కపక్కన పెట్టి ఫొటో తీసి జతచేశాను. ఈ మధ్యలో కారు రెండు వీధుల అవతల దాచి, వానలో నడిచొచ్చేవాణ్ణి. దొంగతనం చేసినవాడిలా ఏం టెన్షన్‌రా అది!

మొన్న గురువారం జవాబొచ్చింది. 235 కొట్టేశారు. 75 మాత్రం కట్టాలన్నారు, కేసు చేతికందగానే పడే ఫీజు కాబట్టి. దాని మీద కూడా పోట్లాడొచ్చేమో గానీ, ఓపిక లేక కట్టేశాను. కౌన్సిల్ వాళ్ళు క్షమాపణ కూడా రాశారు, పేరులో ఒక అక్షరం తప్పుతో.

మీ పెద్దక్క కొడుకు సెప్టెంబర్‌కి ఇక్కడికి చదువుకి వస్తున్నాడటగా. వాడికి నా నంబరివ్వు. వచ్చేటప్పుడు వాడి చేత కందిపొడి ఒక కిలో పంపు, మీ చెల్లెలు మరీ మరీ చెప్పమంది.

నీ
బావ